రేపటి ఆటలకు కొన్న పెట్టె

ఆదోనిలో పిల్లల నిక్కర్లు కుట్టడంలో ఖాసిం సాబ్‌ది ఒక పద్ధతి. అంచు లోపల బెత్తెడు బట్ట మడిచి పెట్టేవాడు. పెరిగే పిల్లోడు కదా, వచ్చే ఏడు విప్పుకోవచ్చు అనేవాడు. పిల్లోడు పెరిగేలోగా నిక్కరు వెనక చిరిగిపోయేది, అది వేరే సంగతి.

ఎనభైల చివర్లో రెడీమేడ్ బట్టలొచ్చి దర్జీ పని పడిపోయింది. టీవీకి తగిలించే ఆటల కంప్యూటరు పెడితే పిల్లలు ఎగబడతారని ఎవరో చెప్పగా, ఖాసిం సాబ్ తన కుట్టుమిషను అమ్మేసి బెంగళూరు వెళ్ళాడు. అంగడివాడు రెండు పెట్టెలు చూపించాడు. ఒకదాని మెమరీ నలభై ఎనిమిది కేబీ, రెండోదానిది నూట ఇరవై ఎనిమిది, ధర రెట్టింపు. ఇప్పుడున్న ఆటలన్నిటికీ చిన్నదే చాలని అంగడివాడే చెప్పాడు. అమ్మేవాడే చాలంటుంటే కొనేవాడికేం తెగులు? రేపొచ్చే ఆటలు పెద్దవి కావా అన్నాడు ఖాసిం సాబ్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తక్కువపడిన డబ్బు కోసం తిరిగొచ్చి భార్య హమీదాబీ మిషను మీద కన్నేశాడు. ఆమె దాని మీద వీధి ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. ఇల్లు గడిచేది దానితోనే.

"దాన్ని అమ్మొద్దు. ఈ పొద్దు కూడు దాని మీదే ఉండేది," అంది.

"పదేండ్లు దిగుల్లేకుండా కొంటాండాను," అన్నాడు.

ఎమ్మిగనూరు నుంచి లక్ష్మక్క అనే ఆమె వచ్చి మిషను కొని బండికెక్కించుకు పోయింది. హమీదాబీ బయటికి రాలేదు.

ఆ డబ్బుతో పెద్ద పెట్టె తెచ్చి దుకాణంలో పెట్టాడు. మొదట్లో పిల్లలు బాగానే వచ్చారు. ఆటలు క్యాసెట్లలో ఉండేవి. టేప్ రికార్డరు కీచుకీచుమంటూ తిరిగితే ఆట మెమరీలోకి ఎక్కేది. చిన్న ఆటలు బీడీ కాల్చేలోగా ఎక్కేవి, వాటికి పెద్ద మెమరీతో పనే లేదు. పెద్ద ఆట వస్తుందని ఖాసిం సాబ్ రెండేళ్ళు వాటితోనే నెట్టుకొచ్చాడు. పిల్లలకు మొహం మొత్తింది.

చివరికి పెద్ద ఆట వచ్చింది. ఒక ఎండాకాలం ఆదివారం దుకాణం నిండా పిల్లలు కూర్చున్నారు. ఆట ఎంత పెద్దదైతే అది మెమరీలోకి ఎక్కేదాకా క్యాసెట్టు అంతసేపు తిరగాలి. ఆ సంగతి పాపం ఆయనకు తట్టనేలేదు. ఆట సగం ఎక్కేసరికి కరెంటు పోయింది. కరెంటు పోతే కంప్యూటరు ఎక్కించుకున్నదంతా మరిచిపోతుంది. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు, మళ్ళీ పోయింది. చిన్న పెట్టె కొనుంటే ఇంత పెద్ద ఆట జోలికే పోయేవాడు కాదు, ఈ తిప్పలుండేవి కావు. మూడోసారికి పిల్లలు లేచారు.

"బస్టాండు కాడ కొత్త పెట్టె పెట్టినారు సాబూ. క్యాసెట్టు తిప్పే పనే లేదు, ఆట డబ్బీ గుచ్చంగానే వస్తాది," అని చెప్పి పోయారు. మళ్ళీ రాలేదు.

కంప్యూటరు కొంటానన్నవాడు లేడు. ఖాసిం సాబ్ ఎమ్మిగనూరు వెళ్ళి లక్ష్మక్క వాకిట్లో నిలబడ్డాడు. మిషను తిరిగి అడగడానికి వచ్చాడని ఆమెకే అర్థమైంది.

"ఇయ్యాలనే ఉందన్నా. మా మగ్గం నిలిచిపాయ. ఇప్పుడు ఈ మిషను మీదే తింటాండాం," అంది. ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి వచ్చేశాడు.

ఇంట్లో హమీదాబీ పక్కింటామె జాకెట్టు చేత్తో కుడుతోంది. ఆయన ముఖం చూసి, "ఇయ్యలేదా?" అంది. తల అడ్డంగా ఊపాడు.

"సరే. ఈ సూదిలో దారం ఎక్కియ్యి. నాకు కనపడలే."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సూదితోనే బతికిన మనిషి. దారం కొస తడిపాడు, సూది పైకెత్తాడు. ఎన్నిసార్లు గుచ్చినా బెజ్జం దొరకలేదు. ఆమె చూస్తుండగానే గోడవైపు తిరిగి ఏడ్చాడు.