అడిగి పోగొట్టుకున్న ఫోటో

విమానంలో ప్రయాణికులు ఎప్పుడు ఫోటోలు తీసుకోవచ్చు, ఎప్పుడు తీసుకోకూడదు అంటూ మొన్న పేపర్లో ఒక వార్త వచ్చింది. సగం చదివేసరికి ఒళ్లు మండి, మడిచి అవతల పడేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఏలూరులో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. ఇంకా ఫిల్ము రోజులే, మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తీయడం నా పని, టచింగ్ మా అక్క పని. కలిదిండి నుంచో ముదినేపల్లి నుంచో ఎవరో వచ్చి, పోయిన పెద్దాయన ఏ పెళ్లి గుంపులోనో మూలన నిలబడ్డ ఫోటో ఇచ్చి, గోడకు పెట్టుకునేలా చేసిపెట్టమనేవారు. అక్క సన్న బ్రష్షుతో ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, రెప్పలు వాలిన కళ్లు తెరిపించి, బతికుండగా ఎన్నడూ లేనంత దర్జాగా కూర్చోబెట్టేది. అందుకేనేమో, తాను మాత్రం కెమెరా ముందుకు వచ్చేది కాదు. ఎంత బతిమాలినా "గోడెక్కే తొందర నాకేం లేదురా" అని నవ్వేసేది.

అక్కకు జబ్బు ముదిరాక హైదరాబాదులో చూపించి తిరిగొచ్చేటప్పుడు, రైల్లో అంతసేపు కూర్చోలేదని డాక్టరు చెబితే గన్నవరానికి విమానం ఎక్కాం. ఇద్దరికీ అదే మొదటిసారి. దిగబోయే ముందు ఒక చుట్టు తిరిగితే కింద కొల్లేరు కనబడింది, చేపల చెరువుల గట్లతో ముక్కలు ముక్కలైపోయి. భర్త పోయి మా ఇంటికి వచ్చేదాకా అక్క కాపురం చేసిన లంక ఊరు ఆ నీళ్ల మధ్యే ఎక్కడో ఉంది. అద్దానికి ముఖం ఆనించి వెతికింది. కనబడిందో లేదో గాని, ఎన్నో నెలల తర్వాత ఆ ముఖంలో కళ వచ్చింది. నా వైపు తిరిగి, "ఒరేయ్, ఇప్పుడు తియ్యరా. నేనూ కొల్లేరూ ఇద్దరం పడాలి" అంది.

కెమెరా కాళ్ల దగ్గర సంచిలోనే ఉంది. తీసి నొక్కేయాల్సింది. కాని నాకు పని నేర్పిన గురువుగారు మొట్టమొదట నేర్పిందే, అడగకుండా బటన్ నొక్కకూడదని. ఆ బుద్ధి నన్ను వదల్లేదు. పెద్దమనిషిలా చెయ్యెత్తి ఎయిర్ హోస్టెస్ అమ్మాయిని పిలిచి, "ఏవండీ, మా అక్కది ఒక్క ఫోటో తీసుకోవచ్చా అండీ?" అని అడిగాను.

"కుదరదండీ, విమానంలో ఫోటోలు తీయకూడదు. రూలండీ. కెమెరా లోపల పెట్టేయండి" అంది. పెట్టేశాను. వెనక వరసలో ఎవరో అడగకుండానే చిన్న కెమెరాతో టకటకా నొక్కుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అక్క మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఇంటికి వచ్చాక తీస్తానంటే, ఇంక వద్దులే అంది.

నెల తిరక్కుండా పోయింది. మిగిలింది ఓటరు కార్డు మీది మసక బొమ్మ. పెద్దది చేస్తే ముఖమంతా చుక్కలే. దాన్ని బాగుచేయగల చెయ్యి అక్కదే, ఆ చెయ్యి లేదు. నేనే బ్రష్షు పట్టుకున్నాను. ఎవరి ముఖమో వచ్చింది, చించేశాను.

ఆ రోజు ఆ రూలు నిజంగా ఉందో, ఆ అమ్మాయి భయపడి అలా అందో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు విమానం ఎక్కిన ప్రతివాళ్లూ కిటికీకి ఫోను ఆనించి తీసుకుంటున్నారు, ఎవరూ ఎవరినీ అడగరు. ఒకప్పుడైతే మర్యాద తెలియని మనుషులని తిట్టేవాణ్ణి. కొల్లేటి చుట్టుపక్కల ఎన్ని ఇళ్ల గోడల మీదనో అక్క కళ్లు తెరిపించిన వాళ్లు ఇంకా దర్జాగా చూస్తూనే ఉన్నారు. మా ఇంట్లో అక్క ఫోటో లేదు. ఆ అమ్మాయి మీద కోపం ఎప్పుడో పోయింది. అడిగిన నా మీదే ఇంకా పోలేదు.