గాలి నింపే మనిషి అభిప్రాయం

నలభై రెండు నిమిషాలు మాట్లాడిన మనిషిని అల్లుడు పదకొండు సెకన్లకు కత్తిరించాడు. కత్తిరించమన్నది పైవాళ్ళే. కానీ మీట నొక్కిన వేలు అల్లుడిదే. మధ్యాహ్నం రెండున్నరకి నొక్కి, పావు తక్కువ మూడుకి టీ తాగడానికి లేచాడు.

అల్లుడు ఒక టీవీ చానల్లో ఎడిటరు. ఆ చానల్లో ప్రతి ఆదివారం సాయంత్రం ‘శూన్యంలో ఆరుగురు’ అనే సీరియల్ వచ్చేది. ఆకాశంలో ఎక్కడో ఒక ఓడకి రాయి తగిలి ఇంజను చచ్చిపోతుంది. లోపల ఆరుగురు మనుషులు, రోజురోజుకీ తరిగిపోయే గాలి. ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు అన్నదే కథ. జనం వెర్రెక్కిపోయి చూశారు. బుధవారాల్లో ‘ప్రేక్షకుల మాట’ అని ఇంకో అరగంట వేసేవారు. వారం పొడుగునా వచ్చిపడే అభిప్రాయాలు చదివి, పనికొచ్చేవి ఏరి, కొందర్ని స్టూడియోకి పిలిపించి మాట్లాడించి, ముక్కలు అతికించి ఇవ్వడం అల్లుడి పని.

అభిప్రాయాలంటే ఏముంటాయి? ‘పైన తాగడానికే నీళ్ళు లేవంటారు, కెప్టెన్ గడ్డం మాత్రం నున్నగా ఉంటుంది, అంత ఎత్తుకి ఏ మంగలి వస్తున్నాడండీ?’ అని ఒకరు. ‘ఆ డాక్టరమ్మ ఏడుపు ఆపితే నాలుగ్గంటల గాలి మిగులుతుంది’ అని ఇంకొకరు. ‘ముసలి వంటాయన్ని బయటికి తోసెయ్యండి, ఎలాగూ పోయేవాడే’ అని మాత్రం వందలమంది రాశారు. రాసినవాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో పక్కగదిలో కన్నతండ్రి దగ్గుతున్నాడో అనుకునేవాడు అల్లుడు. అనుకుని, ఆ ఉత్తరాన్ని పనికొచ్చేవాటి గుట్టలోనే వేసేవాడు.

మామ ఆక్సిజన్ సిలిండర్లు నింపే ప్లాంటులో ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్నాడు. మొదట్లో సిలిండర్లు దొర్లించే కూలీ. చేతికొకటి చొప్పున రెండింటిని అంచుల మీదికి వంచి, మాట వినే పశువుల్ని తోలుకొచ్చినట్టు తోలుకొచ్చేవాడట. తర్వాత నింపే హాల్లోకి తీసుకున్నారు. అక్కడ ఆయన చెవికి పేరు. ఖాళీగా తిరిగొచ్చిన ప్రతి సిలిండరునీ చిన్న ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, తల వంచి వింటాడు. ఖంగుమని సాగితే పైపుల వరసకి పంపుతాడు. మొద్దుగా పలికిందా, లోపల తుప్పో చెమ్మో నూనో చేరినట్టే, పక్కకి నెట్టేస్తాడు. ఆక్సిజన్‌కీ నూనెకీ పుట్టుపగ. వాల్వుకి వేలిముద్రంత గ్రీజు అంటినా భగ్గుమంటుంది. అందుకని మామ ఇన్నేళ్ళలో తలకి చుక్క నూనె రాయలేదు. జుట్టు ఎండుపీచులా లేచి నిలబడేది. “పెళ్ళయిన కొత్తలో ఈ తల చూసి మా అమ్మ, ఇంత కరువు ఇంట్లో పడ్డావేమే అని ఏడ్చింది” అని అత్త నవ్వుతూ చెప్పేది.

అలాంటి మనిషి ఆ సీరియల్ మొదటిసారి చూసిన రోజు చిన్నపిల్లాడైపోయాడు. తన పనిని టీవీలో చూపించడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

“చూశావా అల్లుడూ, మన గాలి మీద కథ రాశారు!”

“మన గాలేంటి మామయ్యా, అది అంతరిక్షం.”

“ఎక్కడైతే ఏం, సిలిండరు సిలిండరే. నేను లెక్క కట్టాను. ఆరుగురూ అరుపులు మానేసి కదలకుండా పడుకుంటే ఇంకో పదిహేను రోజులు లాగొచ్చు. ఎవర్నీ తోసే పనే లేదు. వాళ్ళకి చెప్పేవాడు లేకగానీ.”

పదో వారంలో ఓడ మెకానిక్, బిగుసుకుపోయిన ఆక్సిజన్ వాల్వుకి గ్రీజు పట్టించి, పళ్ళ బిగువున తిప్పాడు. బుస్సున గాలి వచ్చింది. మిగతా అయిదుగురూ చప్పట్లు కొట్టారు. మామ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదని అత్త ఫోన్లో చెప్పింది. ఆయన బాధ సీరియల్ తప్పు చేసిందని కాదు. ఊరినిండా మంచాల పక్కన సిలిండర్లు పెట్టుకుని ఊపిరి తీసుకునే రోగులున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో వాల్వు బిగుసుకుంటే ఎవరో ఒకరు ఈ మెకానిక్‌ని గుర్తు తెచ్చుకుంటారు.

ఆ వారం స్టూడియోకి రావాల్సిన ప్రేక్షకుడొకడు చెయ్యిచ్చాడు. ఖాళీ కుర్చీ నింపాలి. అల్లుడు మామకి ఫోన్ చేశాడు.

మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నీళ్ళద్ది దువ్వుకుని, చెప్పిన టైముకి గంట ముందే వచ్చి కూర్చున్నాడు. మేకప్ చేసే అమ్మాయి మొహానికి క్రీము రాయబోతే చేతులడ్డం పెట్టాడు. “వద్దు తల్లీ, సాయంత్రం డ్యూటీ ఉంది. నేను మెరిస్తే ప్లాంటు కూడా మెరుస్తుంది.” అందరూ నవ్వారు. కెమెరా ముందు మాత్రం తడబడలేదు. సీరియల్ బాగుందన్నాడు, వారం వారం చూస్తానన్నాడు. తర్వాత గ్రీజు సంగతి విడమరిచి చెప్పాడు. సిలిండరు కొట్టి వినడం ఎలాగో వేళ్ళతో చూపించాడు.

“మా దగ్గర చేతులు సబ్బుతో కడగందే వాల్వు ముట్టుకోనివ్వమండీ. ఈ జాగ్రత్తలు తీసుకోలేదనుకోండి, మా ప్లాంటు నుంచి బయటికెళ్ళే ప్రతి సిలిండరూ ఒక బాంబే. తీసుకుంటాం కాబట్టే ఇరవయ్యారేళ్ళలో ఒక్క మనిషికీ ఏమీ కాలేదు.”

ప్రోగ్రాం నడిపే మేడమ్ ఆ రికార్డింగ్ చూస్తూ ఆవలించింది. “పాఠం చెబుతున్నాడేంటయ్యా ఈయన? మన సీరియల్లో తప్పుందని మనమే వేసుకోవాలా? ఆ బాంబు ముక్క ఉంచు చాలు. బాగుంది, వారం వారం చూస్తా, ప్రతి సిలిండరూ ఒక బాంబే. అంతే. వెనకాల నవ్వులు వెయ్యి.”

“మేడమ్, ఆయన మా మామగారు.”

“మరింకేం! టీవీలో పడ్డాడని ఇంట్లో స్వీట్లు పంచుతారు. కానీయ్.”

అల్లుడు కుర్చీ యంత్రం దగ్గరికి జరుపుకున్నాడు. ఆ తర్వాత మీట నొక్కాడు.

బుధవారం ఆ ముక్క వచ్చింది. ఆయన మంచి మొహం, లేచి నిలబడ్డ జుట్టు, మూడు వాక్యాలు, ఆ వెంటనే వందమంది నవ్వు. గురువారం పొద్దున్నకి వీధిలో ఆయన పేరు మారిపోయింది. “బాంబు బాబాయ్ వస్తున్నాడు, జరగండ్రోయ్!” అని బస్టాపులో ఎవరో అంటే ఆయన కూడా నవ్వేశాడు. ప్లాంటుకి వెళ్ళాక నవ్వు పోయింది. అప్పటికే మూడు ఆసుపత్రుల వాళ్ళు ఫోన్ చేసి, మీ సిలిండర్లు మాకొద్దన్నారు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. మామతో కలిసి ఒకే బల్ల మీద ఏళ్ళ తరబడి అన్నం తిన్నవాడే.

“ఆ మాట నువ్వన్నావా, లేదా?”

“అన్నానండీ. కానీ దానికి ముందు...”

“ఆ ముందూ వెనకా ఏవో నాకు చూపించు. పూర్తి రికార్డు పట్రా, ఆసుపత్రుల వాళ్ళకి నేనే దగ్గరుండి చూపించి నిన్ను మళ్ళీ హాల్లో నిలబెడతా. నెలాఖరు దాకా ఆగగలను. అది దాటితే నా చేతుల్లో లేదు. అందాకా నువ్వు హాల్లోకి రాకు, బయట రంగులేసే షెడ్డులో ఉండు.”

ఆ ఆదివారం మామ కూతురింటికి వచ్చాడు. సోఫా ఖాళీగా ఉన్నా స్టూలు లాక్కుని దాని అంచున కూర్చున్నాడు. అల్లుడి మీద ఒక్క నిష్టూరమైనా ఆడలేదు. అల్లుడు గంపెడు సంజాయిషీలు సిద్ధం చేసుకున్నాడు, వాటిని అడిగేవాడే లేడు.

“పైవాళ్ళు చెబితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే. ఆ మొత్తం రికార్డు ఉంటే, ఒక్కసారి ఇప్పిస్తావా? మేనేజరు చూస్తే చాలు, మళ్ళీ తెచ్చిచ్చేస్తా. నీకు శ్రమ ఇస్తున్నాను.”

“చూస్తాను మామయ్యా.”

చూడటానికేముంది? ప్రసారమయ్యాక యంత్రంలోంచి అంతా చెరిపేస్తారు, మిగిలింది రికార్డింగ్ ఉన్న కార్డొక్కటే. అది వేలి గోరంత ఉంటుంది. కానీ కత్తిరించని బొమ్మ గడప దాటకూడదన్నది చానల్ నియమం. గేటు దగ్గర సంచులూ జేబులూ తడుముతారు. దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అల్లుడు ఆ కార్డుని బయటికి తీసి, తన సొరుగులో వెనక మూలకి తోసి పెట్టాడు. మామూలుగా కార్డు మీద తెల్ల పట్టీ అంటించి, ఎవరు మాట్లాడారో, ఏ రోజో రాస్తారు. దీని మీద ఏమీ రాయలేదు. రాస్తే ఎవరి కంటైనా పడుతుందని భయం.

మొదటి వారం మేడమ్ మంచి మూడ్‌లో ఉంది, ఎందుకు చెడగొట్టడం అనుకున్నాడు. రెండో వారం గేటు దగ్గర కొత్త మనిషి, జేబులు మరీ గట్టిగా తడుముతున్నాడు. మూడో వారం జీతాలు పెంచుతారని మాట వినబడింది. రోజూ సొరుగు లాగి, మూలకి వేలు పెట్టి తడిమి, కార్డు ఉందని చూసుకుని మూసేసేవాడు. అలా తడుముకోవడమే తను చేస్తున్న సాయం అన్నట్టు ఆ రోజుకి మనసు కుదుటపడేది. ఇంట్లో భార్య రోజూ అడిగేది. “అడిగారా?” “అడుగుతా.” “నాన్న రంగు డబ్బాల మధ్య కూర్చుని దగ్గుతున్నారండీ.” “అడుగుతానన్నానా!”

గడువు ఇంకా రెండు రోజులుందనగా అల్లుడు గుండె చిక్కబట్టుకున్నాడు. కార్డుని సాక్సులో పెట్టుకుని వెళ్ళిపోదామని సొరుగు లాగాడు. మూల ఖాళీ.

కెమెరా మనిషి నిబ్బరంగా చెప్పాడు. “అదా, నిన్న చివరి భాగం మీద జనం అభిప్రాయాలు తీయడానికి వీధిలోకి వెళ్ళాం గురూ. కార్డులు చాల్లేదు. నీ సొరుగులో పేరు లేనిదొకటి దొరికింది, వాడేశాం. పేరు రాయని కార్డు ఖాళీ కార్డు కింద లెక్క అని గోడకి కాగితం అంటించింది నువ్వేగా?”

అంటించింది అల్లుడే. రెండేళ్ళ కిందట, ఎవరి కార్డులో ఎవరి రికార్డింగ్ ఉందో తెలియక కెమెరావాళ్ళతో గొడవపడి, తన చేత్తోనే రాసి అంటించాడు.

ఆ కార్డు తెచ్చి యంత్రంలో పెట్టి మొదట్నుంచి చివరిదాకా చూశాడు. ఒక షాపు ముందు గుంపు. కెప్టెన్ బతకడం బాగుందని ఒకడు, ముసలాయన్ని తోసేసినప్పుడు ఏడుపొచ్చిందని ఒకావిడ. మామ గొంతు ఎక్కడైనా అడుగున మిగిలి ఉంటుందేమోనని చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లు తీయకుండా రెండుసార్లు విన్నాడు. అలా మిగలదని ఆ భవనంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

ఆ సాయంత్రం భార్యకి చెప్పాడు. ఆమె అరవలేదు. “పోయిందా, పోగొట్టావా?” అని మాత్రం అడిగింది. పెళ్ళయ్యాక ఆమె అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. పొద్దున్నే బట్టలు సర్దుకుని తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది. నెల తిరిగేసరికి ప్లాంటు మామని పంపించేసింది. వేరే ప్లాంటులో అడిగితే, టీవీలో ఆ మాటన్నది మీరే కదా అన్నారట. అల్లుడికి జీతం పెరిగింది.

మళ్ళీ మామని చూడటానికి అల్లుడికి నాలుగు నెలలు పట్టింది. మొహం చెల్లక ఆగాడు, చివరికి మొహం లేకుండానే వెళ్ళాడు. భార్య లోపలి గదిలోంచి బయటికి రాలేదు. అత్త టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. మామ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కా వేరేవాళ్ళది వేసుకున్నట్టుంది.

“మామయ్యా, మళ్ళీ తీద్దాం. నా ఫోన్లోనే. ఆ రోజు ఏం చెప్పారో అదే చెప్పండి. నేనే మేనేజరు దగ్గరికి పట్టుకెళ్తా, ఆసుపత్రులకీ నేనే తిరుగుతా.”

మామ కాదనలేదు. చొక్కా గుండీ పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఫోన్ వైపు చూశాడు. అల్లుడు నొక్కాడు.

“సీరియల్ చాలా బాగుందండీ. వారం వారం చూస్తాను. మా ప్లాంటు నుంచి...”

ఆగిపోయాడు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాడు. మూడోసారి పెదాలు కదిలాయి, మాట రాలేదు. అల్లుడు ఫోన్ దించేశాడు.

మామకి కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

“ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని చాలాసార్లు గుర్తుచేసుకున్నాను అల్లుడూ. ఆ మూడు ముక్కలే వస్తున్నాయి. నువ్వు దగ్గరుండి విన్నావు కదా. ఆ రోజు నేను ఇంకేమైనా అన్నానా?”