అమ్మ నిద్రకు కాపలా ప్రార్థన

ఆ రోజుల్లో అలసట అంటే పెద్దవాళ్లు పని నుంచి సంచిలో పెట్టుకొచ్చే సరుకనుకునేదాన్ని. మా అమ్మ దాన్ని మదనపల్లె నుంచి బస్సులో తెచ్చేది. అంతవరకూ కురబలకోట దగ్గర టమాటా తోటల్లో కూలికి పోయిన మనిషికి, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే ఉద్యోగం వచ్చింది. నెల జీతం, నీలం చీర (యూనిఫారం అనాలి, చీర అంటే అమ్మకు కోపం). పొద్దున అది కట్టుకుని అద్దం ముందు నిలబడ్డ అమ్మ మొహం నాకిప్పటికీ కలలోలా కనిపిస్తుంది. సాయంత్రానికి ఆ మొహంలో నిద్ర తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

చీకటి పడుతుంటే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. అందరం మోకాళ్లూని, మంచం మీద మోచేతులు ఆనించి, ఆమెన్ వినపడేదాకా కళ్లు తెరవకూడదు. ఒకనాడు నాన్న ఆమెన్ అన్నాడు. అందరం లేచాం, అమ్మ లేవలేదు. సన్నగా గురక. మా అవ్వ, అంటే నాన్నమ్మ, మంచం పట్టె మీద టకటకా కొట్టింది.

"ఏమే, దేవుని ముందర నిద్దరబోతాండావా? ఇంగోసారి ఇట్ల సూసినానంటే ఆ ఉద్యోగం మానుకోని తోటకే పో!"

"లేదత్తా, కండ్లు మూసుకోనుండా, అంతే," అంది అమ్మ. ఆ నీలం చీర పోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి ప్రార్థన నేనే చేస్తానన్నాను. అవ్వ మురిసిపోయింది. ఆమెన్ నా చేతిలో ఉన్నంతసేపూ అమ్మను లేపేవాళ్లు లేరన్నది నా ధీమా. వీధిలో జ్వరమొచ్చిన వాళ్ల కోసం, జ్వరం రాబోయే వాళ్ల కోసం, కలకడలో ఉండే మేనత్త కోసం, చివరికి పక్కింటి గొర్రెల కోసం (నల్లదానికి వేరుగా, కుంటిదానికి వేరుగా) ప్రార్థించేదాన్ని. గురక పెద్దదైతే నా భక్తీ పెద్దదయ్యేది. "గొర్రిల్ని దేవుడు సూసుకుంటాడు లేమ్మా," అని నాన్న మోకాళ్లు నొప్పెట్టి మూలిగేవాడు. ఆఖర్న అమ్మను బొటనవేలితో పొడిచి గట్టిగా ఆమెన్ అనేదాన్ని. నా పేరు చర్చిదాకా పాకి, ఒక ఆదివారం అక్కడా ప్రార్థన చేయమన్నారు. ఎదురుగా అమ్మ కళ్లు విప్పార్చుకుని కూర్చుంది. ఇంకెవరి కోసం సాగదీయాలి? నాలుగు ముక్కల్లో ముగించి వచ్చేశాను. అవ్వకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ ఉద్యోగం మాత్రం నిలిచింది. ఒళ్లు మెల్లగా పనికి అలవాటుపడింది.

ఈమధ్య నాకు పుంగనూరులో ఉద్యోగం వచ్చింది. మొదటి వారంలోనే ఒక సాయంత్రం ఇంటికొచ్చి ప్రార్థనకు మోకాళ్లూనాను. మంచానికి మోచేతులు ఆనించిన సంగతే గుర్తుంది. మెలకువ వచ్చేసరికి అమ్మ గొంతు జోలపాటలా ఇంకా సాగుతోంది. "నల్ల గొర్రిని కాపాడు తండ్రీ, కుంటి గొర్రిని కాపాడు తండ్రీ..."

"ఇంగ ఆమెన్ అనరాదా?" అని నాన్న మూలుగుతున్నాడు.

పక్కింటివాళ్లు గొర్రెలమ్మేసి ఎన్నో ఏళ్లయింది. అయితే ఆ రోజుల్లో అమ్మ నా ప్రార్థనలన్నీ వింటూనే నిద్రపోయేదన్నమాట! ఒక కన్ను కొద్దిగా తెరిచాను. అమ్మ నావైపే చూస్తోంది. నవ్వాపుకుని మళ్లీ కన్ను మూసుకున్నాను, ఆమెన్ ఇంకా రాలేదు కదా.