విమానం చిల్లులు మూసిన కూలర్‌వాడు

గాలిలోకి లేవకుండానే విమానాన్ని ముంచినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నేను దాన్ని నీళ్ళలో ముంచలేదండీ, నీళ్ళే దానిలో నింపాను. నవ్వితే నవ్వండి, ఆ రోజు నేను పడ్డ భయం ముందు మీ నవ్వెంత!

మాది ఉప్పుగూడ. మా చిన్నాయనకు కూలర్ల దుకాణం ఉంది. రేకు కోయడం, వంచడం అక్కడే నేర్చుకుని, ఫలక్‌నుమాలో రహీం ఉస్తాద్ షెడ్డులో చేరాను. ఆయన జీవితమంతా విమానాల రేకుపని చేసి రిటైరైన మనిషి. ఏదో కాలేజీవాళ్ళు ఒక పాత శిక్షణ విమానాన్ని కొని, బాగుచేసి ఇమ్మని ఆయనకు అప్పగించారు.

విమానానికి రివెట్ కొట్టాలంటే ఇద్దరుండాలి. బయట ఒకరు గన్నుతో దడదడలాడిస్తుంటే, లోపల ఇంకొకరు ఇనప దిమ్మ అదిమి పట్టాలి. మధ్యలో రివెట్ అణుగుతుంది. తోకలో ముడుచుకుని దిమ్మ పట్టిన నాకు చెవులు కూడా అణిగాయి. మొదట్లో నేను పట్టిన రివెట్లన్నీ వంకరపోయాయి. వాటిని తీయించి మళ్ళీ కొట్టించి, చివరికి తోక కింది రేకు మొత్తం ఉస్తాద్ నాకే వదిలేశాడు.

"సోమారం పొద్దుగాల జూస్త బేటా," అన్నాడు. "పని మంచిగుంటే రెక్క పని మీద కూసోవెడ్త. లేకుంటే మీ చిన్నాయన కాడికే వోయి కూలర్లు చేస్కో."

ఆదివారం ఆయన చుట్టాల పెళ్ళికి పోయాడు. నేను ఒక్కణ్ణే వచ్చి నా రేకును తుడిచి తుడిచి మెరిపిస్తుంటే, సరిగ్గా అడుగున వరసగా చిన్న చిల్లులు కనిపించాయి. ఉస్తాద్ చిల్లులు వేసి, రివెట్లు కొట్టించడం మరిచిపోయాడు! పాపం వయసు మీద పడింది కదా అని జాలిపడ్డాను. చూశారా నా పెద్ద మనసు!

కూలర్ చేసేవాడికి అడుగున చిల్లు కనిపిస్తే ఎలా ఉంటుందో మీకేం తెలుసు? మా దుకాణంలో అంతకు మించిన అప్రతిష్ట లేదు. వెంటనే చిన్నాయనకు ఫోన్ కొట్టాను.

"చిన్నాయనా, విమానం అడుగున బొక్కలున్నయే. ఏం జెయ్యాలె?"

"ఏం జేసుడేందిరా? మూసెయ్! గంత పెద్ద పనిల గట్లనే ఇడిసిపెడ్తరా?"

"ఉస్తాద్‌ను అడగాల్నా?"

"అడిగితే నీకు పని రాదనుకుంటడు. మస్తు గట్టిగ మూసి, పైకెళ్లి లప్పం గూడ పెట్టు. ఫికర్ జెయ్యకు."

నేను ఫికర్ చేయలేదు. ఒక్కడే కొట్టగలిగే కూలర్ రివెట్లతో అన్నీ మూసి, లప్పం పెట్టి, షెడ్డు ముందు ఆరుబయటున్న విమానం మీద తాడిపత్రి పట్టా కప్పి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. ఆ రాత్రి కుండపోత వాన.

పొద్దున వచ్చేసరికి షెడ్డు ముందు గల్లీ జనమంతా ఉన్నారు. తాడిపత్రి గాలికి పోయింది. పైలట్ కూర్చునే చోట అద్దం ఇంకా బిగించలేదు కదా, వానంతా అందులోంచి తోకలోకి దిగింది. ఇంజన్ తీసేసిన ముక్కులో బరువుకని ఇసుక బస్తాలు పెట్టాం, అవి ఏ మూలకూ చాలలేదు. విమానం ముక్కు పైకెత్తి, పాత టైర్ల కుప్ప మీద తోక ఆనించి కూర్చుంది.

"ఏంది భాయ్, ఎగుర్తుందా?" అన్నాడొకడు.

పెళ్ళికి వేసుకున్న షేర్వానీతోనే ఉస్తాద్ నేరుగా వచ్చాడు. వంగి తోక కింద చూశాడు.

"నీళ్లు పోయే బొక్కలేవిరా?"

"మూసిన ఉస్తాద్."

"ఎందుకు?"

"లీకైతదని."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "యా అల్లా! ఇగ పక్కలకు ఇంత గడ్డి పెట్టి, ఫ్యాను బిగియ్. కూలరని అమ్ముకుందం! అరే, లోపట వడ్డ నీళ్లు బయటికి పోవాలనే గవి పెడ్తర్రా. నీళ్లు నిలిస్తే రేకు ఖరాబైతది!"

అయిపోయింది, ఇక బతుకంతా కూలర్లే అనుకున్నాను. ఉస్తాద్ డ్రిల్లు నా చేతిలో పెట్టాడు. కిందికి దూరి మొదటి రివెట్ తొలిచానో లేదో, నీళ్ళు సూటిగా ముఖాన కొట్టాయి. ఒక్కొక్కటీ తొలుస్తుంటే తోక మెల్లగా లేచింది, ముక్కు కిందికి దిగింది. గల్లీ చప్పట్లు కొట్టింది.

ఉస్తాద్ తోకంతా తడిమి చూశాడు. ఎక్కడా సొట్ట లేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత నేను కొట్టిన రివెట్ల వరస మీద వేలు రాసి చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు.

"రాత్రంత నీళ్లు నిండి ఉన్నయ్. నీ రివెట్లల్లకెళ్లి ఒక్క సుక్క కారలే. గింత గట్టి పరీక్ష నేను గూడ ఎవ్వలికి పెట్టలే," అని నవ్వేశాడు. "పో, బట్టలు మార్చుకొని రా. రెక్క పని షురూ జేద్దాం."

తడిబట్టలతోనే ఆయన్ను వాటేసుకున్నాను. ఆయన షేర్వానీ కూడా తడిసింది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరు, ఎందుకు పెట్టారో అడగకుండా ఈ జన్మలో ఏ చిల్లునూ మూయను. ఇంట్లో ఇడ్లీ ప్లేటు కనిపించినా దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. ఆదివారాలు మాత్రం చిన్నాయనకు ఫోన్ చెయ్యను గాక చెయ్యను.