పూచీ సంతకం

ఐసక్క మొహం మీద "చలికి తట్టుకోలేవు" అనగలిగిన మనిషి ఇంకా పుట్టలేదని అందరూ అనుకునేవారు. పుట్టాడండీ. పుట్టి, చదువుకుని, టై కట్టుకుని ట్రావెల్స్ ఆఫీసులో కూర్చున్నాడు కూడా.

ఐసక్క చేపల కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. వయసు యాభై నాలుగు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. లోపల మైనస్ ఇరవై. రెండు జతల సాక్సులు, మోకాళ్ల దాకా బూట్లు, దూది కోటు వేసుకుని పొద్దున్నే దిగుతుంది. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు బయట. కనురెప్పల మీద మంచు పేరుకుంటే చేత్తో రుద్దకూడదు, కింది పెదవి ముందుకు పెట్టి ఊపిరి పైకి ఊదుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆ కిటుకు నేర్పేది ఆవిడే. సాయంత్రం "లోపలెవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు కేకేసి, అప్పుడు తలుపు బిగించేదీ ఆవిడే.

అలాంటి మనిషికి ఒక కోరిక పుట్టింది. క్యాంటీన్లో ఎవరో వదిలేసిన పత్రికలో ఒక దేశం ఫోటో చూసింది. కనుచూపు మేర గడ్డినేల, దాని మీద మంచు, ఆ చివర కొండలు, మధ్యలో జూలు విరబోసుకున్న పొట్టి గుర్రాలు. చలికాలం చివర్లో వెళ్తే నదులింకా గడ్డకట్టే ఉంటాయనీ, పొద్దు మాత్రం పొడుగవుతుందనీ కింద రాసి ఉంది. ఇన్నేళ్లూ ఆవిడకు తెలిసిన చలికి నాలుగు గోడలు, ఒక ట్యూబులైటు, చేపల కంపు. ఆకాశం కింద ఉండే చలిని ఒక్కసారి చూడాలనిపించింది. ఏడాదిన్నర పాటు, ఒంట్లో బాగోలేని రోజున కూడా వాడకుండా సెలవులు దాచుకుంది. ఏ రోజు గుడారంలో పడుకోవాలో, ఏ రోజు నది మీద నడవాలో నోటు పుస్తకంలో గీతలు గీసి మరీ రాసుకుంది.

"ఎందుకు వెళ్తున్నారండీ?" అని అడిగాడు టై గుమాస్తా, ఫారం ముందు పెట్టుకుని.

"ఊరికే."

"ఊరికే ఎవరు తీసుకెళ్తారండీ? టికెట్టు కొనాలి కదా!"

"ఉచితంగా అనలేదు నాయనా! పనేం లేకుండా, చూడ్డానికి."

"ఓహో! చూడ్డానికైతే ఎండాకాలంలో వెళ్లండి మామ్మగారూ. పువ్వులుంటాయి. ఇప్పుడు అక్కడ మైనస్ ఇరవై. మీరు తట్టుకోలేరు."

మామ్మగారట! ఐసక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. హనుమంతుడి ముందు కుప్పిగంతులంటే ఇవే కదూ.

"మైనస్ ఇరవై నువ్వెప్పుడైనా చూశావా?"

"ఫోన్లో చూశానండీ."

ఆవిడ తన ఉద్యోగం సంగతి చెప్పింది. అతను నవ్వి, "అయినా రూలు రూలేనండీ" అంటూ ఫారం రెండో పేజీ తిప్పాడు. యాభై దాటిన ఆడవాళ్లు చలికాలపు బృందంలో చేరాలంటే భర్తో కొడుకో పూచీ సంతకం పెట్టాలట. మిగిలింది ఒక్కటే సీటు, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆపుతాడట.

"మరి యాభై దాటిన మగవాళ్లకి?"

"వాళ్లకి అక్కర్లేదండీ."

అక్కర్లేదట! మెట్లు దిగి నడి బజార్లో గొంతెత్తి తిట్టాలనిపించింది ఆవిడకి. తిట్టలేదు గానీ, ఇల్లు చేరేదాకా పళ్లు కొరుకుతూనే ఉంది. కొడుకు లేడు. ఉన్నది ఆయనే, పదవీ విరమణ చేసిన బస్సు మెకానిక్కు.

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడెందుకే ఇదంతా? ఈ వయసులో నీకేమైనా అయితే?"

"వయసు నిన్న రాలేదుగా. ఇవాళ్టికీ రోజూ ఆ చలిలోకి దిగుతూనే ఉన్నాను."

"అది పని. ఇది ఊరికే తిరగడం. నే పెట్టను."

అంతే, ఆవిడ ఒక్కసారిగా భగ్గుమంది.

"అయితే వినండి! ఇరవై రెండేళ్లు ఆ గదిలోకి దిగాను. ఒకసారి తలుపు బిగుసుకుపోతే గంటన్నర లోపలే ఉన్నాను. వేళ్లు నల్లబడ్డాయి. అప్పుడు ఒక్క వెధవైనా 'మీ ఆయన సంతకం తెమ్మ'ని అడిగాడా? చాకిరీకి అక్కర్లేని పూచీ సరదాకెందుకు వచ్చిందండీ?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకోబోయాడు. ఆవిడ ఊరుకుంటేనా!

"చెప్పండి! అప్పుడు అడిగి ఉంటే ఏం చేసేవారు?"

"పెట్టేవాణ్ని కాదు" అన్నాడాయన, మెల్లగా. "తలుపు కోయడానికి డిపో నుంచి నన్నే పిలిపించారుగా, ఆ గంటన్నరా నేను బయటే నిలబడ్డాను. కట్టర్ నా చేతిలోనే ఉంది, చేతులే పనిచేయలేదు. మర్నాటి నుంచి నువ్వు వెళ్తుంటే రోజూ భయమే."

ఈ మాట ఇన్నేళ్లలో ఆయన నోట వినలేదు ఆవిడ. వినగానే కోపం చల్లారాలి కదా? లేదు, ఇంకా పెరిగింది.

"భయం వేస్తే మర్నాడు నన్నెందుకు ఆపలేదు?"

"ఎలా ఆపనే? అప్పుడు ఇల్లు గడవాలి."

ఆవిడ పెన్ను మూత తీసి ఆయన చేతిలో పెట్టింది.

"గడిచిందిగా. ఇక పెట్టండి."