మర్యాద ఆట

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట మంచు సన్నగా కురుస్తుండగా, ఏటా చేసే పనే కదా అని టీవీ పెట్టి కూర్చున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏడాదికొక్కసారి జరిగే ఆల్‌స్టార్ ఆట వస్తోంది. తెర మీద ఆటగాళ్ళకు హెల్మెట్లు లేవు, భుజాల మీద దిండ్లలాంటి కవచాలు లేవు. నడుముకు రంగు పట్టీలు వేలాడదీసుకుని పరుగెత్తుతున్నారు; వెంట పడినవాడు ఆ పట్టీ లాగేస్తే చాలు, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ ఎవరినీ పడెయ్యరు. ఇలా మార్చేసి కొన్నేళ్ళయింది. పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న మా ఆవిడకు ఈమధ్య చూపు బాగా తగ్గింది, తెర మీద రంగులు కదలడం తెలుస్తుంది కానీ మనుషులు ఆనరు. ఆట మారిన సంగతి ఏటా చెబుతూనే ఉన్నాను, ఏటా ఆమె అదే ప్రశ్న అడుగుతూనే ఉంది.

"ఎవరైనా పడ్డారా?"

లేదన్నాను. నేను లేచి, ఇప్పుడు నా డైరీలకు కొట్టుగదిగా మారిన బేస్‌మెంట్‌లోకి దిగి, అట్ట ఊడిపోయిన పాత డైరీ ఒకటి పైకి తెచ్చుకున్నాను.

నా డైరీల గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడ కెనడాలో, హామిల్టన్ ఉక్కు కర్మాగారం పరీక్షశాలలో ముప్పై ఏళ్ళకు పైగా కొలిమి వేడి ఎంత, పోతలో కర్బనం ఎంత అని రాసి రాసి, ఇంట్లో కూడా అదే పద్ధతి పట్టుబడింది. మొదటి గీతలో వాతావరణం, రెండో గీతలో ఆరోగ్యం, తర్వాత ఆనాటి విశేషాలు. రాసినది కొట్టెయ్యకూడదన్నది నా నియమం, ఎందుకంటే పరీక్షశాలలో కొట్టివేతలున్న కాగితాన్ని ఎవరూ నమ్మరు. ఫుట్‌బాల్ కూడా నేను అలా రాసుకునే నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సోమవారం భోజనాల గదిలో అందరూ ఆ కోడిగుడ్డు ఆకారపు బంతి గురించే మాట్లాడుకుంటుంటే, నేను ఒక్కడినే పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని నవ్వవలసిన చోట నవ్వుతూ కూర్చునేవాడిని. చివరికి మా ఫోర్‌మన్ జాలిపడి కాగితం మీద గీతలు గీసి చెప్పాడు: పది గజాలు ముందుకు పోవడానికి మన కెనడా ఆటలో మూడు అవకాశాలు, సరిహద్దు అవతల అమెరికా ఆటలో నాలుగు. ఆ బొమ్మలన్నీ నా డైరీలో ఎక్కించుకున్నాను.

మా ఆవిడకు మాత్రం ఆ ఆటంటే గిట్టేది కాదు. ఆసుపత్రిలో ఎముకల వార్డులో నర్సు. విరిగినవీ జారినవీ వారమంతా చూసి వచ్చిన మనిషికి, ఆదివారం ఇంట్లో కూర్చుని కొత్తవి విరగడం చూడమంటే ఎలా ఉంటుంది? అలాంటి ఆమె ఒక శీతకాలం, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తూ తెర ముందు ఆగిపోయింది. కారణం ఆట కాదు, మైదానం వెనక కొబ్బరిచెట్లు. ఆ రోజుల్లో ఆల్‌స్టార్ ఆట ఎండ కాసే దీవుల్లో పెట్టేవారు. మా కిటికీలో మోకాలి లోతు మంచు, టీవీలో కొబ్బరాకులు ఊగుతున్నాయి. కోనసీమ మనిషి, కూర్చుండిపోయింది. చూడగా చూడగా ఆమె ఒక సంగతి కనిపెట్టింది. రెండు వైపులా దేశంలోకెల్లా గొప్ప ఆటగాళ్ళే, కానీ గెలుపోటములతో ఎవరికీ పని లేదు కనుక, ఎదుటివాణ్ణి నడుము దగ్గర పట్టుకుని పసిపిల్లను ఉయ్యాలలో వేసినట్టు నేల మీద పడుకోబెడుతున్నారు. మరుక్షణం పడేసినవాడే చెయ్యి అందించి లేపుతున్నాడు. ఒళ్ళు దులుపుతున్నాడు కూడా. "మీరు ముందు కూర్చోండంటే మీరు ముందు కూర్చోండని పెళ్ళిపందిట్లో వియ్యాలవారిలాగా, ఏమిటండీ ఈ మర్యాదలు!" అని పడీ పడీ నవ్వింది. ఆనాటి నుంచి మా ఇంట్లో దాని పేరు మర్యాద ఆట. నా డైరీల్లో కూడా ఏటా అదే పేరు. ఏడాది మొత్తంలో ఆమె నా పక్కన కూర్చుని చూసే ఆట అదొక్కటే.

మేమిద్దరం రిటైరైన తర్వాత వచ్చాయి ఆ ఏళ్ళు. చదువులకని మన తెలుగు పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులు. బస్సెక్కితే తెలుగు, కిరాణా కొట్లో తెలుగు, కాఫీ అందించే కిటికీ దగ్గర కూడా "అన్నా, మీదేవూరు?" అని వినిపించిన కాలం. మా బేస్‌మెంట్‌లో అద్దెకు ఇద్దరు చేరారు. ఒకబ్బాయిది కరీంనగర్ వైపు, మాట తక్కువ, వినయం ఎక్కువ. మెట్ల మీద నేను ఎదురైతే పక్కకు ఒదిగి నిలబడేవాడు. రెండో అతను వాడి చిన్ననాటి స్నేహితుడు, వాడు మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడేవాడు. ఇద్దరూ పగలు కాలేజీ, మిగతా సమయం ఎక్కడో ఒకచోట పని. కరీంనగర్ అబ్బాయి పెద్ద గోదాములో పెట్టెలు ఎత్తేవాడు. ఇంటి ముందు మంచు తీయడం అతని వంతని మాట అనుకున్నాం.

ఆ ఏడు జనవరిలో మూడు వారాల పాటు నా డైరీలో ఆ అబ్బాయి మీద నాలుగైదు మాటలున్నాయి. ఇప్పుడు చదువుతుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఒక మంగళవారం దగ్గర ఇలా ఉంది: "మంచు ఆరు అంగుళాలు. కింది అబ్బాయి సగమే తీశాడు. బద్ధకం." నాలుగు రోజుల తర్వాత: "చెత్తడబ్బా ఒంటి చేత్తో ఈడ్చుకొచ్చాడు. మూత ఊడింది. నిర్లక్ష్యం." చూసింది చూసినట్టు రాయడం నాకు తెలుసు. చూసినదానికి అర్థమేమిటో కనుక్కునే పని ఎప్పుడూ మా ఆవిడదే.

మర్యాద ఆట రోజున ఇద్దరినీ పైకి పిలిచింది ఆమె. పునుగులు వేసింది, అల్లం పచ్చడి చేసింది. నేను ఫోర్‌మన్ బొమ్మల డైరీ తెరిచి మూడు అవకాశాలూ నాలుగు అవకాశాలూ వివరిస్తుంటే స్నేహితుడు మధ్యలో అందుకున్నాడు. "అంటే అమెరికాల ఒక ఛాన్స్ ఎక్కువ ఇస్తరా అంకుల్? అరే, తప్పు కంట్రీకి అప్లై చేసినం కదరా!" కాసేపటికి ఒక భారీ మనిషి ఇంకొకణ్ణి చుట్టేసి మెల్లగా కింద కూర్చోబెట్టగానే, "గిదేం ఆట ఆంటీ, కొట్టుకుంటరనుకుంటే అలయ్ బలయ్ ఇచ్చుకుంటున్నరు!" అన్నాడు. దసరా నాడు వాళ్ళ ఊళ్ళలో జమ్మి ఆకు చేతిలో పెట్టి ఒకరినొకరు కౌగిలించుకోవడమట. మా ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. మాట తక్కువ అబ్బాయి మాత్రం, కుడి చెయ్యి స్వెట్టర్ జేబులో పెట్టుకుని, సాయంత్రం ఆరింటికి షిఫ్టు ఉందని గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు ఆమె పునుగుల ప్లేటు అందించింది. వాడు ఎడమ చెయ్యి చాచి అందుకున్నాడు.

నా మనసు చివుక్కుమన్న మాట నిజం. మెట్ల మీద ఒదిగి నిలబడే పిల్లవాడు, తల్లిలాంటి మనిషి పెడుతుంటే ఎడమ చెయ్యి చాచడమా? ఆ రాత్రి రాయవలసిన వాక్యం కూడా నాలో సిద్ధమైపోయింది, మర్యాద తెలియదు అని. మా ఆవిడ ప్లేటు వదలకుండా అలాగే ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసింది. తర్వాత మామూలుగా వచ్చి కూర్చుని, టీవీలో రెఫరీ, బంతి చివరి గీత దాటి టచ్‌డౌన్ అయినప్పుడల్లా రెండు చేతులూ నిటారుగా పైకెత్తుతున్నాడు కదా, ఈసారి మనమందరం అలాగే ఎత్తాలి, ఎత్తనివాళ్ళకు టీ లేదని ప్రకటించింది. ఆ ఆటలో టచ్‌డౌన్లకు కొరత ఉండదు. రెండు నిమిషాల్లో వచ్చింది. నేను ఎత్తాను, స్నేహితుడు లేచి నిలబడి మరీ ఎత్తాడు. ఆ అబ్బాయి ఎడమ చెయ్యి పైకి లేచింది. కుడి చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది, మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళయింది నాన్నా?" అంది ఆమె.

"ఏం లేదాంటీ, జర పట్టింది. తగ్గుతది."

"ఎముకల వార్డులో పనిచేసిన దాన్ని నేను. నాకా చెబుతున్నావు?"

వాడు నేల చూపులు చూస్తుంటే స్నేహితుడే చెప్పేశాడు. గోదాములో పై వరుసలోంచి పెట్టె జారితే ఆపబోయి భుజం లాగేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే షిఫ్టులు తీసేస్తారని ఒక భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. విద్యార్థులు వారానికి ఇన్ని గంటలే పని చెయ్యాలన్న నిబంధన ఉండేది. జ్వరం వచ్చిన వేరొకరి బదులు వెళ్ళి ఒక వారం ఆ గీత దాటాడు. దెబ్బ సంగతి బయటపడితే గంటలూ బయటపడతాయని, చదువు అయ్యాక రావలసిన వర్క్ పర్మిట్ పోతుందని, మూడు వారాలుగా ఒంటి చేత్తో నెట్టుకొస్తున్నాడు. ఆ సాయంత్రం ఆరింటికి మళ్ళీ పెట్టెలే.

మా ఆవిడ వాణ్ణి తిట్టలేదు, నిబంధనల జోలికీ పోలేదు. తెర వైపు చూపించి, వాళ్ళు అంత మెల్లగా ఎందుకు ఆడుతున్నారనుకుంటున్నావు, మర్యాద కోసమని నేను వేళాకోళానికి అంటాను గానీ, ఆ ఒళ్ళు రేపటికీ కావాలి కనుక దాచుకుంటున్నారు అంది. వాడు తల ఎత్తకుండానే, "వాళ్ళు స్టార్లు ఆంటీ. మాదేముంది" అన్నాడు. "భుజంలో ఉండేవి వాళ్ళకీ అవే, నీకూ అవే. నేను చాలా భుజాలు చూశాను" అంది ఆమె. అయినా ఐదు కావస్తుండగా వాడు లేచి నిలబడ్డాడు, మెట్ల వైపు ఒక అడుగు కూడా వేశాడు. నాకు ఇప్పటికీ ఆ అడుగు కనిపిస్తుంది.

ఎప్పుడు తగిలిందో తారీఖు అయినా చెప్పు, డాక్టరు మొదట అడిగేది అదే అంది మా ఆవిడ. వాడికి గుర్తు లేదు. వారాలన్నీ ఒకేలా గడిచిన పిల్లవాడికి తారీఖులెక్కడివి? అప్పుడు నాకు తట్టింది. లోపలికి వెళ్ళి ఆ ఏటి డైరీ తెచ్చాను, మంగళవారం పేజీ తీశాను. మంచు ఏ రోజున సగం మిగిలిందో ఆ ముందురోజే పెట్టె జారి ఉండాలి. తారీఖు చదివి ఊరుకోవచ్చు. కానీ వాడు వంగి పేజీలోకి చూస్తున్నాడు, నా అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉంటాయి. మొత్తం చదివాను. బద్ధకం అన్న మాటతో సహా.

క్షమించమని అడగాలని నోరు తెరిచాను, కానీ నా వయసు అడ్డం వచ్చింది. వాడే ముందు నవ్వాడు. "అంకుల్, బద్ధకం గూడ రాసిన్రా!" అన్నాడు. ఆ నవ్వుకి భుజం కదిలి నొప్పి పుట్టి, నవ్వుతూనే కుర్చీలో కూలబడ్డాడు. లేవడానికి నేను చెయ్యి అందించాను. ఎడమ చెయ్యి అందించాను, వాడికి పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని. వాడు అది పట్టుకుని లేచి, ఫోన్ తీసి, ఈరోజు రాలేనని గోదాముకు చెప్పాడు. ఆట పూర్తికాకుండానే ఆసుపత్రికి కారు తీశాను.

భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు కొంత చిరిగిందన్నారు. ఇంకొన్నాళ్ళు బరువులెత్తి ఉంటే కోత తప్పేది కాదట. కాలేజీ సలహాదారు దగ్గరికి నేనూ వెంట వెళ్ళాను. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు, భయపడ్డది ఏదీ జరగలేదు. గ్రంథాలయంలో కూర్చుని చేసే పని దొరికింది. వేసవి దాకా మా ఆవిడ వంటింటి గోడకు గీతలు గీసి, వేళ్ళతో గోడ పాకిస్తూ ఈరోజు ఈ గీత, రేపు ఆ గీత అని వాడి చేత కసరత్తు చేయించింది. ఆ గీతలకు మేమింకా రంగు వేయించలేదు. ఆట జరిగిన ఆ ఆదివారం రాత్రే, ఆసుపత్రి నుంచి వచ్చి భోజనాలయ్యాక, నేను డైరీలో మంగళవారం పేజీకి వెళ్ళి, కొట్టెయ్యకుండా, కింద ఖాళీలో రాశాను: "పై మాట తప్పు. అది భుజం నొప్పి." నా డైరీలన్నిటిలో ఒకసారి రాసినదాని కింద మళ్ళీ రాసిన చోటు అదొక్కటే.

తర్వాత చాలామంది పిల్లలు వచ్చారు, వెళ్ళారు. మర్యాద ఆట పేరు ఒకరి నుంచి ఒకరికి అంది, కొత్తగా చేరిన ఒకతను ఆ పేరుతోనే ఫోన్‌లో వెతికి, దొరకడం లేదంకుల్ అని వచ్చి చెప్పాడు. ఆ తర్వాత పట్టీల ఆట వచ్చింది. ఆ తర్వాత పిల్లల రాక తగ్గింది, కొట్లో తెలుగు తగ్గింది, బేస్‌మెంట్ ఖాళీ అయింది. కరీంనగర్ అబ్బాయి కాల్గరీలో స్థిరపడ్డాడు. చిన్న కూతుర్ని కుడి భుజం మీద ఎక్కించుకున్న ఫోటో పంపిస్తే, అప్పటికింకా చూపు బాగానే ఉన్న మా ఆవిడ చాలాసేపు ఆ భుజాన్నే చూసింది.

మొన్న ఆట అయిపోయాక ఆమె మళ్ళీ అడిగింది, ఎవరూ పడలేదా అని. పడలేదు, ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు, నువ్వు ఎప్పుడూ కోరుకున్నదే కదా అన్నాను. అవునంది. దుప్పటి సర్దుకుని, "అయితే చెయ్యి ఇచ్చి లేపడం కూడా లేదన్నమాట" అంది. నేను టీవీ కట్టేశాను. చీకటి పడుతోంది, లోపలికి వెళ్దామని లేచి చెయ్యి అందించాను. మసక కళ్ళతో గాలిలో ఒకటి రెండుసార్లు వెతికి, పట్టుకుంది.