మూడో కాగితం

ఒక మనిషి తాను చేయని తప్పును తనదే అనుకుని పదకొండేళ్లు బతికాడు. అలా అనుకునేలా చేసింది నేను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇదే. ఇంతకుముందు చాలాసార్లు రాయబోయాను. ప్రతిసారీ రెండో మూడో వాక్యానికల్లా నన్ను నేను కాస్త మంచివాణ్ణి చేసుకునేవాణ్ణి. అది గమనించి చించేసేవాణ్ణి. ఈసారి అలా చేయకూడదని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అదీ పిరికితనమేనని నాకు తెలుసు.

తొంభైల చివర్లో ధవళేశ్వరం దాటాక, కాలవ గట్టు పక్కన ఉన్న ఒక రేకుల షెడ్డులో నేను సూపర్‌వైజర్‌ని. బీరువాలు, రైస్ మిల్లుల తొట్టెలు, ట్రాక్టరు ట్రక్కుల బాడీలు చేసేవాళ్లం. యజమాని వీర్రాజు గారు. ఇనుము మీద చెయ్యి తిరిగిన మనిషి, ఇంగ్లీషు మాత్రం రాదు. షెడ్డు మొత్తానికి డిప్లొమా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ ఏడు కాలవ లాకులకు ఇనుప తలుపులు చేసే పని వచ్చింది. అంత మందం రేకుల్ని సుత్తులతో వంచడం మా వల్ల కాదు. దానికి బెండింగ్ మెషిన్ కావాలి. రేకును కింద అచ్చు మీద పెట్టి కాలితో పెడల్ నొక్కితే, పైనుంచి బరువైన ఇనుప దూలం నూనె ఒత్తిడితో దిగి దాన్ని వంచుతుంది. కాలు తీస్తే దూలం ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. ఆగాలి. ఈ కథంతా ఆ మాట మీదే ఉంది.

వీర్రాజు గారి బావమరిది ఇక్కడే చిన్న మెషిన్ కొందామన్నాడు. నేను జపాన్ నుంచి పాతది తెప్పిద్దామన్నాను. ఒక పత్రికలో అక్కడి వ్యాపారి ప్రకటన చూశాను. వాడిన మెషిన్లను తనిఖీ చేసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతామని, ధైర్యంగా కొనుక్కోవచ్చని అందులో ఉంది. సముద్రం అవతలి పాత ఇనుమును ఎలా నమ్ముతారని ఆ బావమరిది అందరి ముందూ నవ్వాడు. నన్ను కాగితాల ఇంజినీరు అన్నాడు. ఆ మాట నాకు ఎంత లోతుగా దిగిందో అప్పుడు తెలియలేదు. మెషిన్ వస్తే దాని కోసం కట్టే కొత్త షెడ్డు బాధ్యత నాకే ఇస్తానని వీర్రాజు గారు మాటిచ్చి ఉన్నారు. నాకు కావలసింది ఆ మెషినా, ఆ పదవా, బావమరిది ముఖం మాడిపోవడమా? ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

రాజమండ్రిలో ఒక ఫ్యాక్స్ కొట్టు నుంచి ఉత్తరాలు నడిపాను. చివరికి మూడు కాగితాలు వచ్చాయి. మొదటి రెండింట్లో మెషిన్ వయసు, బలం, చేసిన పరీక్షలు. మూడోదాన్ని నేను ఆ కొట్టు మెట్ల మీద నిలబడి చదివాను. నూనె బాగా వేడెక్కినప్పుడు, పెడల్ నొక్కకపోయినా దూలం దానంతటదే కిందికి జారుతోందని, నూనెను ఆపి ఉంచే ఒక వాల్వు అరిగిపోయిందని, అది మార్చకుండా మెషిన్‌ను పనిలో పెట్టవద్దని రాశారు. వాల్వు దొరికే చోటు చిరునామా కూడా ఇచ్చారు. ఇది తెలిసీ కొనదలిస్తేనే అడుగున సంతకం చేసి పంపమన్నారు.

వాళ్లు ఏమీ దాచలేదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. దాచింది నేను.

వీర్రాజు గారి ఆఫీసు గదిలో, బావమరిది కూడా కూర్చుని ఉండగా, మొదటి రెండు కాగితాలూ ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించాను. మూడోది ముందు పెట్టి, ఇది ఆర్డరు ఫారమండి, సంతకం పెట్టండి అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వి సంతకం పెట్టారు. ఆ నవ్వులో నమ్మకం తప్ప ఇంకేమీ లేదు.

వాల్వు నేనే నెమ్మదిగా తెప్పించి మార్చేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ చిరునామాకు ఉత్తరం రాశాను కూడా. వాళ్లు మెషిన్ మీద ఉన్న నంబరు పంపమన్నారు. మెషిన్ వచ్చాక పంపుదామనుకున్నాను. విశాఖ రేవులో దిగి, ట్రైలర్ మీద వచ్చి, పసుపూ కుంకుమా పెట్టించుకుని షెడ్డులో నిలబడ్డాక, దాన్ని ఉదయం చల్లటి పూట నడిపి చూశాం. కాలు తీయగానే దూలం ఆగింది. మళ్లీ మళ్లీ నొక్కి చూశాను. ప్రతిసారీ ఆగింది. వారం గడిచింది. నెల గడిచింది. జపాన్‌వాళ్లకు అతిజాగ్రత్త అని నాకు నేనే చెప్పుకున్నాను. నంబరు పంపలేదు. భయం రోజూ కొంచెం కొంచెం తగ్గుతూ పోయి, ఒకనాడు నేను ఆ కాగితం సంగతే మరిచిపోయిన మనిషిలా తిరుగుతున్నాను. మరిచిపోయానా? లేదు. మరిచిపోయినట్టు ఉండటం నేర్చుకున్నాను.

ఆ మెషిన్ మీద పనిచేసింది సత్యానందం గారు. నలభై అయిదేళ్లుంటాయి. రేకు అంచు మీద బొటనవేలు ఆనించి వంపు ఎంత తేడా ఉందో చెప్పేవారు, కొలిస్తే అంతే ఉండేది. లూథరన్ చర్చిలో పెద్దల్లో ఒకరు. నాకంటే పదిహేనేళ్లు పెద్దయినా నన్ను అండీ అని తప్ప పిలిచేవారు కాదు. ఎండలు ముదిరాక ఒకరోజు ఆయన నా దగ్గరికొచ్చి, మధ్యాహ్నం పూట దూలం కొంచెం జారుతున్నట్టు అనిపిస్తోందని, ఒకసారి చూడమని అడిగారు. నాకు మూడో కాగితం గుర్తొచ్చింది. పైకి మాత్రం, మనకు కొత్త మెషిన్ కదండీ, అలవాటు లేక అలా అనిపిస్తుంది అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. నాకు చదువుంది కాబట్టి నాకే తెలుసనుకున్నారు.

ఇంకో పది రోజులకు జరిగింది. మే నెల, మధ్యాహ్నం, రేకుల కప్పు కింద నిలబడలేనంత వేడి. నేను ఆయన పక్కనే ఉన్నాను. రేకు వంకరగా కూర్చుందని ఆయన పెడల్ దగ్గర నుంచి ఒక అడుగు జరిగి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి, కుడి చెయ్యి లోపలికి పెట్టి రేకును సర్దుతున్నారు. దూలం దిగింది. చప్పుడు కూడా లేకుండా దిగింది. ఆయన అరవలేదు. నా వైపు చూశారంతే.

నాలుగు వేళ్లు పోయాయి.

రేకు అవతలి కొస పట్టుకున్న హెల్పరుకు ఆ రేకే అడ్డం. ఆయన కాళ్లు చూసింది నేనొక్కణ్ణే. వీర్రాజు గారు పరుగెత్తుకొచ్చి ఎలా జరిగిందని అడిగితే, కాలు పెడల్ మీద పడినట్టుందండి అని నా నోరే అంది. ముందుగా అనుకున్న మాట కాదు. కానీ వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

రాజమండ్రి ఆసుపత్రిలో మూడో రోజు సత్యానందం గారిని చూడటానికి వెళ్లాను. భార్య కరుణమ్మ గారు మంచినీళ్లకు బయటికి వెళ్లారు. ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అడిగారు.

"మీరు పక్కనే ఉన్నారు కదండీ. నా కాలు పెడల్ మీద ఉందా?"

నేను మంచం పక్కనున్న స్టూలు జరుపుకుని కూర్చున్నాను.

"నాకైతే నేల మీదున్నట్టే గుర్తండి. ఎంత ఆలోచించినా అలాగే గుర్తొస్తోంది. కానీ అందరూ పెడల్ మీద పడిందంటున్నారు. మీరు చూశారా?"

"చూశానండి. పెడల్ మీదే ఉంది."

ఆయన కళ్లు మూసుకున్నారు.

"అయితే నాదే పొరపాటు. మీరు చెబితే ఇంకేముందండి."

వేళ్లు పోయింది వాల్వు వల్ల అనుకోండి, నా నిర్లక్ష్యం అనుకోండి. దానికి ఏదో ఒక పేరు ఉంది. కానీ ఒక మనిషి తన ఒంటికి తెలిసిన నిజాన్ని పట్టుకుని, దీన్ని నిలబెట్టండి అని నన్ను అడిగితే, నేను దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. దానికి ఏ పేరు పెట్టాలి?

ఆ వారంలోనే సర్వీసు చేయించాలనే నెపంతో మెషిన్ ఆపించాను. ఎవరికీ చెప్పకుండా నంబరు పంపి వాల్వు తెప్పించి మార్చాను. మార్చడానికి ఒక పూట పట్టింది. ఒక్క పూట. ఆ తర్వాత దూలం ఎప్పుడూ జారలేదు. అది చూసి, మెషిన్‌లో లోపమేమీ లేదని అందరూ ఇంకా గట్టిగా నమ్మారు.

సత్యానందం గారికి వీర్రాజు గారు గేటు దగ్గర పని ఇచ్చారు. రోజూ ఉదయం ఎడమ చేత్తో గేటు తీసి నాకు నమస్కారం పెట్టేవారు. మెషిన్ మీదికి కొత్తగా ఎవరొచ్చినా దగ్గర కూర్చోబెట్టుకుని, కాలు జాగ్రత్త, నాలా చేసుకోకండి అని చెప్పేవారు. నేను వింటూ లోపలికి నడిచేవాణ్ణి. కొత్త షెడ్డు బాధ్యత నాకే వచ్చింది. భీమవరం నుంచి, తణుకు నుంచి షెడ్లవాళ్లు వచ్చి, పై దేశం పాత మెషిన్‌ను ఎలా నమ్మి కొన్నారండీ అని అడిగేవారు. వాళ్లు అన్నీ రాసి పంపుతారు, ఒక్క కాగితం కూడా వదలకుండా చదువుకుంటే ధైర్యంగా కొనొచ్చు అని చెప్పేవాణ్ణి. ఎంత మంచి సలహా!

చెబుదామని ఎన్నిసార్లు గేటు దాకా వెళ్లానో. ఆయన లేచి నిలబడి, ఏంటండీ, ఏమైనా కావాలా అనేవారు. ఏం లేదండి అని తిరిగొచ్చేవాణ్ణి. నా పిల్లల చదువు, నా పరువు, వీర్రాజు గారి ముఖం, ప్రతిసారీ ఒక కారణం. కారణాలు అయిపోయేలోగా ఆయనే పోయారు. గుండె ఆగి, గేటు దగ్గరే.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు, షెడ్డు తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఆయన ఎంత మంచివారో చెప్పాను. తర్వాత కరుణమ్మ గారు నా దగ్గరికొచ్చి, ఆయన ప్రతి ఆదివారం ప్రార్థనలో ఆ ఒక్క అజాగ్రత్తను క్షమించమని దేవుణ్ణి అడిగేవారని చెప్పారు. తన వల్ల ఇల్లు ఇలా అయిందని ఆమె దగ్గర కూడా చాలాసార్లు బాధపడ్డారట. పదకొండేళ్లు. ప్రతి ఆదివారం. నా తప్పుకు ఆయన క్షమాపణ అడిగారు.

మూడు వారాలు ఆగి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. మూడు కాగితాలూ, సంతకం, వాల్వూ, ఆసుపత్రిలో అన్న మాటా, అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఒక్క సంగతి అడిగారు. నేను పెడల్ మీదే ఉందని చెప్పినప్పుడు ఆయన ఏమన్నారని. చెప్పాను. మీరు చెబితే ఇంకేముందండి అన్నారని. ఆమె ఆ మాటను లోపల ఒకసారి అనుకున్నట్టు పెదాలు కదిపారు. తర్వాత, వెళ్లండి అన్నారు. అండీ అనే అన్నారు. తలుపు వేసుకున్నారు.

వీర్రాజు గారికి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో మీకు మాటివ్వను, నా మాట ఎంతటిదో మీరు ఇప్పుడే చదివారు. క్షమించమని కూడా అడగను. అడగాల్సిన మనిషి లేరు. ఆయన కాలు నేల మీదే ఉంది. నేను నా కళ్లతో చూశాను. ఇన్నాళ్లూ ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఇప్పుడు కరుణమ్మ గారికి తెలుసు. మీకూ తెలుసు.